నీటి అడుగున జడ

సాయంత్రం ఏడు గంటల ఇరవై నిమిషాలకు ఈత క్లబ్ పంపు ఆపరేటర్ లైట్లు ఆర్పడానికి పైకొచ్చాడు.

నాలుగో స్విచ్చి దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. కొలనులో లోతు వైపు, నీటి అడుగున, ఒక అమ్మాయి బోర్లా పడి ఉంది. ఒంటి మీద ప్రాక్టీసు స్విమ్‌సూటు. జడ ఒక్కటే పైకి లేచి మెల్లగా ఊగుతోంది.

పంతొమ్మిదేళ్ల పిల్ల. సన్నగా, తేలిగ్గా ఉంటుందని క్లబ్‌లో అందరూ 'పిట్ట' అనేవారు. సంగీతానికి తగ్గట్టు ఇద్దరు నీళ్లలో ఒకేలా కదిలే జంట ఈతలో ఆ రోజే పతకం గెలిచింది. ఏడూ యాభైకి పోలీసులు ఆమెను బయటికి తీశారు.

పోస్ట్‌మార్టం రిపోర్టు రెండు ముక్కల్లో తేల్చేసింది. నీట మునిగి మరణం, అయిదున్నరకీ ఏడింటికీ మధ్య. మెడ వెనక వేళ్ల గుర్తులు. అంటే కాలు జారి పడలేదు. ఎవరో పట్టుకుని ముంచారు.

పదకొండు నెలల దర్యాప్తులో దొరికింది గుండుసున్నా. పంపు ఆపరేటర్‌ని మూడు రోజులు లాకప్‌లో ఉంచి ఒళ్లు హూనం చేశారు. సాక్ష్యం లేక వదిలేశారు. ఊరు మాత్రం వదల్లేదు. అతను ఎదురైతే ఆడపిల్లల తల్లులు రోడ్డు దాటి అవతలివైపు నడిచేవారు.

పాత ఇన్‌స్పెక్టర్ బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినావిడ ఆ ఫైలు మూడుసార్లు చదివింది. ఆవిడకి డిపార్ట్‌మెంట్‌లో మంచి పేరు లేదు. ఉండాలని ఆవిడ కోరుకోనూ లేదు.

* * *

ఆదివారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఒక అమ్మాయి స్టేషన్‌లోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి.

"నేను క్లబ్‌లో కొత్త జంటని మేడమ్. పిట్టక్క పోయాక తన చోట్లో నన్ను పెట్టారు."

"ఎవరితో జంట?"

"లెక్కల పిల్లతో."

ఫైల్లో ఆ పేరు ఉంది. పిట్ట జతగత్తె, ఆరేళ్ల స్నేహితురాలు. నీళ్ల కింద కూడా ఒకటి నుంచి ఎనిమిది దాకా తప్పకుండా లెక్కపెడుతుందని ఆ పేరు. పిట్టని ప్రాణాలతో ఆఖరుసారి చూసింది ఆమే.

"అయితే?"

"నన్ను కూడా పిట్టా అనే పిలుస్తుంది మేడమ్. నాది మెడ దాకా కత్తిరించిన జుట్టు. పెంచమంది. పెంచాను. నా బట్టలు తనే తీసిపెడుతుంది, నా ఫోన్ తనే చూస్తుంది. నాకు ఊపిరాడటం లేదు. ఇంకో రెండేళ్లు జంటగా ఉంటామని ఇవాళ పోటీ అయ్యాక ఆరింటికి ఫారమ్ మీద సంతకం పెట్టాలి. నేను పెట్టను."

"పెట్టకు. దానికి పోలీసులెందుకు?"

అమ్మాయి గొంతు తగ్గించింది. "పిట్టక్క కూడా ఆ రోజు అదే చెప్పాలనుకుంది. పోటీ అయ్యాక చెప్పేస్తానని నాతో అంది. ఇంతకాలం నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. లెక్కల పిల్ల ఎప్పుడూ నా పక్కనే ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ పెన్ను కింద పెట్టింది. కారణం దొరికింది. సాక్ష్యం లేదు. సాయంత్రం ఆరింటిలోపు దొరక్కపోతే ఈ పిల్ల ఆ పిల్ల ఎదుట నిలబడి 'వెళ్లిపోతున్నా' అనాలి. పోయినసారి ఆ మాట అన్న పిల్ల బతికి లేదు.

"నేను చెప్పేదాకా నోరు విప్పకు. ఆమెతో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా ఉండకు. వెళ్లు."

* * *

పదిన్నరకి పిట్ట ఇల్లు. తల్లి తలుపు సగమే తెరిచింది.

"మళ్లీ ఎందుకొచ్చారు? పదకొండు నెలల్నుంచి వస్తున్నారు, కుర్చీలు అరగదీసి పోతున్నారు."

"నేను మొదటిసారి వచ్చానమ్మా."

"యూనిఫాం అదేగా!"

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే నిలబడి అడిగింది. "పోటీల రోజు మీ అమ్మాయి ఇంటికెలా వచ్చేది?"

"ఎలా వస్తుంది? కాళ్లతో. తలంటుకుని, జడ వేసుకుని, ఆకలేస్తోందని అరుస్తూ. జడ దాని స్నేహితురాలే వేసేది. నా చేత్తో వేసుకోవడం మానేసింది." తల్లి తలుపు ఇంకాస్త దగ్గరికి లాగింది. "ఆఖరికి శవమై వచ్చిన రోజు కూడా అదే జడతో వచ్చింది. ఇంకేం కావాలి మీకు?"

"సాయంత్రం అయిదున్నరకి క్లబ్‌కి రండి."

"ఆ నీళ్ల మొహం మళ్లీ చూడను." తలుపు దడాలున మూసుకుంది.

* * *

పదకొండున్నరకి క్లబ్. బ్లీచింగ్ వాసన ముక్కు అదరగొడుతోంది. కోచ్ మేడమ్ మెడలో ఈలతో ఎదురొచ్చింది, దారికి అడ్డంగా.

"పోటీ రోజే దొరికిందా మీకు? పిల్లలు బెదిరిపోతారు."

"మీ పిల్లల్ని నేను బెదిరించక్కర్లేదు. ఇక్కడ ఇదివరకే ఒకమ్మాయి చచ్చిపోయింది."

కోచ్ పళ్లు నూరి పక్కకి తప్పుకుంది.

డ్రెస్సింగ్ రూమ్‌లో కొత్తమ్మాయి స్టూల్ మీద కూర్చుని ఉంది. చుట్టూ ఇంకో నలుగురు పిల్లలున్నారు, అంతవరకు నయం. వెనకాల లెక్కల పిల్ల నిలబడి ఉంది. ఎత్తరి, బలమైన భుజాలు. గిన్నెలో పొగలు కక్కుతున్న చిక్కటి ద్రవంలో బ్రష్ ముంచి, కొత్తమ్మాయి ముడి మీద పూస్తోంది. పూసినచోటల్లా జుట్టు వార్నిష్ కొట్టిన చెక్కలా మెరుస్తోంది.

"అదేంటి?" అడిగాడు వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్.

"జెలటిన్," అంది కోచ్.

హెడ్ రెండడుగులు వెనక్కి వేశాడు. అతని సర్వీసులో జెలటిన్ అంటే క్వారీల్లో బండలు పేల్చేదే.

"అది కాదు నాయనా. వంటల్లో వాడే పొడి. వేడినీళ్లలో కలిపి తలకి పూస్తే గట్టిపడుతుంది. నీళ్లలో తలకిందులైనా వెంట్రుక చెదరదు. పిల్లలు జిగురంటారు."

"కొలను నీళ్లలో కరగదా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"కరిగితే పూసుకోవడం దేనికి?"

"మరి ఎలా పోతుంది?"

"వేడివేడి నీళ్ల కింద అరగంట నిలబడాలి. దువ్వుతూ, పాయ పాయ విడదీస్తూ. వెనకవైపు చెయ్యి అందదు, అందుకని జంటలో ఒకరి తల ఒకరు కడుగుతారు. ముందు ఒకరిది, తర్వాత ఇంకొకరిది. బయట జట్లు బస్సెక్కి బసకెళ్లి కడుక్కుంటాయి. మావాళ్లు ఇక్కడే."

"పిట్టది ఎవరు కడిగేవారు?"

"నేనే." బ్రష్ ఆపకుండానే అంది లెక్కల పిల్ల. తల తిప్పి చూడలేదు. "ఆరేళ్లు. వేడి కాస్త ఎక్కువైతే ఏడ్చేది."

ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చి కోచ్‌ని పక్కకి పిలిచింది. "పిట్ట శవాన్ని మీరు చూశారా?"

"నేనొచ్చేసరికి దుప్పటి కప్పేశారు. మా క్లబ్ వాళ్లెవ్వరం చూడలేదు. ఆపరేటర్ తప్ప."

ఇన్‌స్పెక్టర్ కారు దాకా నడిచి, ఫైల్లో ఫోటోలు తీసి చాలాసేపు చూసింది. తర్వాత హెడ్‌ని పిలిచింది.

"ఒక విగ్గు కొనుక్కురండి. నిజం జుట్టుతో చేసింది. పొడుగుది."

హెడ్ తన బట్టతల తడుముకున్నాడు. "ఆడవాళ్లదా మేడమ్?"

"మీక్కాదు లెండి."

పన్నెండూ నలభై అయిదుకి జిగురు పూసిన విగ్గు ఒకటి చిన్న కొలనులో నిచ్చెనకి కట్టేసి ఉంది. దాని పక్కన కుర్చీ వేసుకుని హెడ్ కాపలా కూర్చున్నాడు. పాతికేళ్ల సర్వీసులో విగ్గుకి కాపలా కాయడం అతనికి ఇదే మొదలు.

* * *

ఒంటి గంటకి నేలమాళిగలో పంపు గది. ఆపరేటర్ ఆమెని చూడగానే గోడకి ఆనుకుపోయాడు. పై పన్ను ఒకటి లేదు. అది ఎక్కడ పోయిందో ఆమె అడగలేదు.

"కొట్టడానికొస్తే కొట్టి పొండి. చెప్పడానికేం లేదు."

"ఆ రోజు నువ్వు చెప్పబోతే ఎవరూ విననిది ఏదైనా ఉందా?"

అతను నమ్మనట్టు చూశాడు. గూట్లోంచి అట్ట ఊడిన పుస్తకం ఒకటి తీశాడు. బాయిలర్ వేడి రాసే పుస్తకం.

"అయిదూ ముప్పైకి ట్యాంకు నిండా వేడినీళ్లు, అరవై డిగ్రీలు. ఆరుంబావుకి చూస్తే ముప్పై ఎనిమిది. ఎవరో ట్యాంకంతా వాడేశారు. ఆ మాట చెప్పబోతే, 'శవం కొలనులో ఉంటే బాయిలర్ గోల నీకెందుకురా' అని దవడ మీద కొట్టారు."

"పుస్తకం నాకివ్వు."

"రసీదు రాసివ్వండి," అన్నాడతను. ఆమె రాసిచ్చింది.

* * *

రెండుంబావుకి ప్రేక్షకుల స్టాండ్స్‌లో లెక్కల పిల్ల ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చుంది. ఆమె తల కూడా అప్పటికి మెరుస్తోంది.

"ఆ సాయంత్రం మళ్లీ చెప్పు."

"నాలుగుసార్లు చెప్పాను. మీ వాళ్లకి రాయడం రాదా?"

"వినడం రాదు. చెప్పు."

"అయిదూ అయిదుకి పతకాల ఫోటో. అయిదున్నరకి అందరూ పోయారు. నీళ్లలోంచి పైకి లేచే లిఫ్ట్ ఒకటి సరిగ్గా రాలేదని పిట్టకి కోపం. అయిదూ నలభైకి మళ్లీ నీళ్లలోకి దిగింది."

"ఫోటోకీ నీళ్లకీ మధ్య ఎక్కడికైనా వెళ్లిందా?"

"డ్రెస్ మార్చుకుంది. అంతే."

"నువ్వు?"

"గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను."

"మధ్యలో ఎప్పుడైనా నీళ్లలోంచి బయటికి వచ్చిందా?"

"ఒక్కసారి కూడా రాలేదు. ఆరూ ముప్పై ఎనిమిదికి నేను వెళ్తున్నానన్నాను. చెయ్యి ఊపింది. ఆరూ నలభై ఒకటికి గేటు దాటాను. కెమెరాలో ఉంది, చూసుకోండి."

"చూశాను. టైములు బాగా గుర్తున్నాయే."

"నాకన్నీ గుర్తుంటాయి." ఆమె ముందుకు వంగింది. "ఆ బాయిలర్‌వాణ్ణి వదిలేసి నా మీద పడతారేం? నాకున్నది అదొక్కతే. నా తిండి, నా నిద్ర, నా పొద్దు అన్నీ దానితోనే. దాన్ని నేనెందుకు చంపుతాను?"

"చంపావని నేనన్లేదే."

లెక్కల పిల్ల పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు.

* * *

నాలుగూ నలభైకి కొత్త జంట నీళ్లలోకి దిగింది. మూడు నిమిషాలు. నాలుగు కాళ్లు ఒక్కసారి పైకి లేచాయి, ఒక్కసారి మునిగాయి. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టర్ కళ్లు మాత్రం కొత్తమ్మాయి నడుం చుట్టూ బిగిసిన చేతి మీదే ఉన్నాయి. ఆ చెయ్యి పట్టుకున్నట్టు లేదు, బంధించినట్టు ఉంది.

అయిదూ ముప్పై అయిదుకి జనం వెళ్లిపోయారు. స్నానాల గదిలో తెల్ల పలకల నేల మీద రెండు ప్లాస్టిక్ స్టూళ్లు, ఒకటి ముందు, ఒకటి వెనక. గోడవారగా కోచ్, ఆపరేటర్. తలుపు దగ్గర హెడ్, ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు. కొత్తమ్మాయి వాళ్ల మధ్యన. లెక్కల పిల్ల స్టూల్ పక్కన నిలబడి, చేతిలో ఫారమ్ పట్టుకుని ఉంది.

ఆఖర్న పిట్ట తల్లి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు.

"వాడితో ఒకే గదిలో నన్నెందుకు నిలబెట్టారు?" అంది, ఆపరేటర్ వైపు వేలు చూపిస్తూ.

"మీరతనికి క్షమాపణ చెప్పుకోవాల్సి వస్తుందని," అంది ఇన్‌స్పెక్టర్. మూడు ఫోటోలు తీసింది. మొదటిది స్టూల్ మీద పెట్టింది.

"అయిదూ అయిదుకి తీసింది. ఇద్దరి తలలూ మెరుస్తున్నాయి. కోచ్ మేడమ్, ఈ జిగురు కొలను నీళ్లలో పోదన్నారు."

"పోదు."

"మీ మాట నమ్మకుండా పరీక్ష కూడా చేశాను. పిట్ట మహా అయితే రెండు గంటల పది నిమిషాలు నీళ్లలో ఉంది. నేను నాలుగింటి దాకా, మూడుంబావు గంటలు నానబెట్టాను."

హెడ్ విగ్గు తీసి స్టూల్ మీద పెట్టాడు. కాస్త జిడ్డు తేలింది. ముడి మాత్రం బిగుసుకునే ఉంది. వేలితో కొడితే టకటకమంది.

ఇన్‌స్పెక్టర్ రెండో ఫోటో తీసింది. తల్లి వైపు చూసి, ఫోటోలో మొహం కనపడకుండా చేత్తో కప్పి, జుట్టు మాత్రమే చూపించింది. నీళ్లలోంచి తీసిన పిట్ట తల. శుభ్రమైన జుట్టు. నున్నగా దువ్విన జడ.

కోచ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కడిగేశారు," అంది. "ఇది కడిగిన తల."

"అవును. మా వాళ్లు జడ అని రాసుకున్నారు. ఆడపిల్లకి జడ ఉంటే వింతేముందనుకున్నారు. అమ్మా, మీ అమ్మాయి ఎప్పుడూ తలంటుకునే ఇంటికొచ్చేది కాబట్టి మీకూ వింతగా అనిపించలేదు. తెలిసినవాళ్లు శవాన్ని చూడలేదు. చూసినవాళ్లకి జిగురు సంగతి తెలియదు."

ఆమె లెక్కల పిల్ల వైపు తిరిగింది.

"నీళ్లలోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదన్నావు. మరి ఈ తల ఎవరు కడిగారు?"

"తనే కడుక్కుందేమో. నేను పోయాక."

"అప్పుడు నువ్వు పోయేటప్పటికి ఆరూ నలభై ఒకటి. ఆ టైముకి ట్యాంకులో వేడినీళ్లే లేవు. అయిదున్నరకీ ఆరుంబావుకీ మధ్య అయిపోయాయి. ఇదిగో, ఇతను రాసిన పుస్తకం. దవడ మీద దెబ్బ తిన్నది దీనికే."

ఆపరేటర్ తల దించుకున్నాడు. పిట్ట తల్లి మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"ఆ నీళ్లతో ఇద్దరం కడుక్కున్నాం," అంది లెక్కల పిల్ల తొందరగా. "ఇప్పుడు గుర్తొచ్చింది. తర్వాత అది మళ్లీ ఈతకి దిగింది. నేను వెళ్లిపోయాను."

"ఇద్దరూనా?"

"ఇద్దరమే. ఎప్పుడూ అంతే."

ఇన్‌స్పెక్టర్ మూడో ఫోటో ఆమె చేతిలో పెట్టింది. గేటు కెమెరా. ఆరూ నలభై ఒకటి. లెక్కల పిల్ల ఒంటరిగా బయటికి నడుస్తోంది. ముడి ఇంకా అద్దంలా మెరుస్తోంది.

"ముందు ఒకరిది, తర్వాత ఇంకొకరిది. ఆరేళ్లలో ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు పిట్ట తల శుభ్రంగా ఉంది. నీది అలాగే ఉంది. నీ వంతు ఎందుకు రాలేదు?"

గదిలో షవర్ ఒకటి చుక్క చుక్కగా కారుతోంది. లెక్కల పిల్ల ఫోటోని స్టూల్ మీద బోర్లా పెట్టింది.

"జడ వేశాను," అంది చివరికి. "రబ్బరు బ్యాండు కూడా పెట్టాను. స్టూలు మారి కూర్చున్నాను. దువ్వెన దాని చేతికిచ్చాను. అది తీసుకోలేదు. 'ఇకమీదట నీ తల నువ్వే కడుక్కో, నేను వేరే క్లబ్‌కి పోతున్నా' అంది. నవ్వుతూ అంది మేడమ్! ముక్కు క్లిప్పు మర్చిపోయానని, తల కడుక్కున్న ప్రాక్టీసు సూటుతోనే కొలను దగ్గరికి వెళ్లింది."

"నువ్వు వెనకే వెళ్లావు."

"ఒకటి నుంచి ఎనిమిది లెక్కపెట్టాను. ఎనిమిది అయ్యాక మళ్లీ ఒకటి. ఇరవై ఆరుసార్లు."

పిట్ట తల్లి గొంతులోంచి వచ్చింది ఏడుపో అరుపో ఎవరికీ తెలియలేదు. ఆమె ముందుకు దూకింది. హెడ్ మధ్యలోకి వచ్చాడు. ఆమె అతని గుండెల మీద రెండు చేతులా గుద్దింది. అతను కదలకుండా దెబ్బలు తిన్నాడు.

"జిగురుతోనే వదిలేసి ఉంటే నీ కథ నిలబడేది," అంది ఇన్‌స్పెక్టర్. ఆమె గొంతులో జాలి ఏమీ లేదు.

"అప్పటికే కడిగేశానుగా." ఆ మాట చాలా మామూలుగా వచ్చింది. "నా తల నేనే కడుక్కున్నా ఆ రాత్రి. గంటన్నర పట్టింది. వెనకవైపు సరిగ్గా పోలేదు."

మహిళా కానిస్టేబుళ్లు ఆమె చేతులు పట్టుకున్నారు. ఆమె పెనుగులాడలేదు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. కొత్తమ్మాయి తల వైపు చూసింది.

"దాని తల ఎవరు కడుగుతారు? నీళ్లు మరీ వేడిగా పెట్టొద్దు. పిట్ట తట్టుకోలేదు."

"నేను పిట్టని కాదు," అంది కొత్తమ్మాయి.

అంతవరకు గోడకి అంటుకుపోయి ఉన్న పిల్ల గది మధ్యకి నడిచింది. "కోచ్ మేడమ్, కాస్ట్యూములు కుట్టే కత్తెర ఇవ్వండి."

"ఎందుకే? నేను కడుగుతాను రా..."

"ఇవ్వండి!"

కోచ్ సొరుగులోంచి కత్తెర తీసిచ్చింది. కొత్తమ్మాయి తల వెనక్కి చేతులు పెట్టి, ముడి కింద కత్తెర దూర్చి, బలమంతా పెట్టి కోసింది. నాలుగైదుసార్లు కోయాల్సి వచ్చింది. ఎండిన జిగురు పటపటమని విరిగింది. పదకొండు నెలలు పెంచిన జుట్టు ఒక్క ముద్దగా నేల మీద పడి, దొర్లి, లెక్కల పిల్ల కాళ్ల దగ్గర ఆగింది. వెంట్రుక చెదరలేదు.

లెక్కల పిల్ల దాన్ని చూసి మొదటిసారి గట్టిగా అరిచింది. ఆ అరుపు వరండా పొడుగునా, గేటు దాకా వినపడింది.

పిట్ట తల్లి నేల మీద కూలబడి ఉంది. ఆపరేటర్ ఒక కుర్చీ తెచ్చి ఆమె పక్కన పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడు. ఆమె లేచి కూర్చోలేదు. కుర్చీ కోడు మాత్రం పట్టుకుంది.

హెడ్ జేబులోంచి సాక్ష్యాల కవరు తీసి, నేల మీది ముడి వైపు, ఇన్‌స్పెక్టర్ వైపు మార్చి మార్చి చూశాడు.

"వద్దు," అంది ఆమె. "అది ఆ అమ్మాయి సొంతం. ఊడ్చేయాలో ఉంచుకోవాలో తననే అడగండి."